డిస్కు మీద పడిన ఆహా

రెండువేల ఏడులో నేను టెక్సస్‌లో, కాపెల్ అనే ఊళ్లో, ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో కూర్చుని గోడలు చూస్తూ ఉండేదాన్ని. మా ఆయనది హెచ్-వన్ వీసా. నాది దానికి తోకలాంటి హెచ్-ఫోర్. ఉద్యోగం చెయ్యకూడదు. కారు నడపడం అప్పటికింకా రాదు. తెనాలిలో పన్నెండేళ్లు వయొలిన్ నేర్చుకుని, ఎందరెందరి పక్కనో కూర్చుని కచేరీలు వాయించినదాన్ని, ఇక్కడికొచ్చి మధ్యాహ్నాలు మైక్రోవేవ్ తుడుచుకుంటున్నానని రోజూ ఒళ్లు మండేది. ఆ మంట ఎవరి మీద చూపించాలో తెలియక కూరగాయల మీద చూపించేదాన్ని. సూపర్‌మార్కెట్‌లో దొరికే బెండకాయలన్నీ ముదురువే.

అందుకని శనివారం పొద్దున్నే మా ఆయన్ని లేపి, పాత డౌన్‌టౌన్‌లో రైతులు టెంట్లు వేసుకుని అమ్ముకునే సంతకి తీసుకెళ్లమనేదాన్ని. టెక్సస్ వాళ్లు కూడా బెండకాయ తింటారని నాకు అక్కడే తెలిసింది. లేతవి, చివర విరిస్తే టప్పున విరిగేవి. బెండకాయల టెంటుకీ తేనె సీసాల టెంటుకీ మధ్య ఒక మనిషి నిలబడి ఫిడేలు వాయిస్తుండేవాడు.

ముప్ఫై రెండేళ్లుంటాయేమో. భుజాల మీంచి పట్టీలు వేసిన ప్యాంటు, మాసిన టోపీ, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా. మా తాతగారి కాలం నాటి ఫోటోలోంచి లేచి వచ్చినట్టున్నాడు. ముందు ఏదో నాటకం వేషం అనుకున్నాను. తరవాత తెలిసింది, వారంలో అయిదు రోజులూ అతను ఇళ్లకి ఏసీలు బిగించే మెకానిక్కు అని. శని, ఆదివారాల్లో మాత్రం రేడియోలు రాకముందు అమెరికా పల్లెటూళ్ల వాకిళ్లలో వాయించుకున్న పాటలు వాయిస్తాడు. ఆ సంగీతానికి వాళ్లు పెట్టుకున్న పేరు ఓల్డ్ టైమ్.

నన్ను ఆపింది పాట కాదు, అతను ఫిడేలు పట్టుకున్న తీరు. ఇక్కడివాళ్లు గడ్డం కింద నొక్కిపట్టుకుంటారు కదా. ఇతను గుండెకి ఆనించి, కిందికి వాల్చి పట్టుకున్నాడు. మా మాస్టారు చూసి ఉంటే ముందు మొట్టికాయ వేసి, తరవాత కాసేపు ఆలోచించి ఉండేవారు. పాట అవగానే నా నోరు ఊరుకోలేదు.

"మేం ఇలా పట్టుకోం. నేల మీద కూర్చుని, తలభాగాన్ని పాదం మీద ఆనించి వాయిస్తాం" అన్నాను.

అతను నవ్వలేదు. అక్కడికక్కడే గడ్డిలో బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు, కుదరక పక్కకి ఒరిగిపోయాడు. లేచి ఫిడేలు నా చేతిలో పెట్టాడు. "చూపించు" అన్నాడు.

మా ఆయన వెనకనించి, "ఏయ్, నీకెందుకే ఇవన్నీ? పార్కింగ్ టైమ్ అయిపోతోంది" అంటున్నారు. నేను అప్పటికే చున్నీ సర్దుకుని కూర్చున్నాను. శ్రుతి చేసుకుందామని తీగలు మీటి చూశాను. చెయ్యాల్సిన పని లేదు. సపసప అని అచ్చం మనం చేసుకున్నట్టే చేసి ఉంది. పాత పాటలు కొన్నింటికి వాళ్లు అలాగే చేసుకుంటారట. అమెరికా వచ్చిన పదహారు నెలల్లో నాకు తెలిసినట్టుగా ఉన్న వస్తువు అదొక్కటే. రెండు నిమిషాలు మోహనం వాయించి తలెత్తేసరికి కళ్ల నిండా నీళ్లున్నాయి. బెండకాయల ఆవిడ నాకు కాగితం రుమాలు ఇచ్చింది.

అప్పణ్ణించి ప్రతి శనివారం మధ్యాహ్నం నా వయొలిన్ పట్టుకెళ్లేదాన్ని, వాళ్ల గరాజ్‌లో మేమిద్దరం వాయించుకునేవాళ్లం. చుట్టూ రాగి గొట్టాలు, పాత ఏసీ ఫ్యాన్లు, మధ్యలో నాకోసం పరిచిన ఒక దుప్పటి. అతని భార్య స్కూలు బస్సు నడిపేది. కబుర్లు తక్కువ, పెట్టడం ఎక్కువ మనిషి. నేను మాంసం తిననని తెలిశాక శనివారాలు వాళ్లింట్లో మొక్కజొన్న రొట్టె, ఉడికించిన బొబ్బర్లు. వాళ్ల పాపకి అప్పుడు రెండేళ్లు. ఎప్పుడూ నా వయొలిన్ కమాను పుచ్చుకు పారిపోయేది.

మాకు మొదటి పోట్లాట ఒక పాట మీద వచ్చింది. అతను బాంజో మీద, అదే తోలు బిగించిన గుండ్రటి తీగల వాద్యం మీద, వాయిస్తుంటే నేను అలవాటుగా తొడ మీద తాళం వేస్తున్నాను. రెండో వరస చివర చెయ్యి కింద పడేసరికి పాట అప్పటికే ముందుకెళ్లిపోయింది. మళ్లీ వాయించమన్నాను. మళ్లీ అదే చోట అర దెబ్బ తక్కువ.

"తాళం తప్పావు" అన్నాను.

"తప్పలేదు. అది అంతే" అన్నాడు.

"అంతే ఏమిటి? లెక్క తెలియడం లేదూ?"

అతను లేచి, గరాజ్ మూల ఉన్న గ్రామఫోను మీద ఒక నల్లటి పెంకు రికార్డు పెట్టాడు. అలాంటివి అతని దగ్గర రెండు బీరువాల నిండా ఉన్నాయి. చేటలో బియ్యం చెరుగుతున్నట్టున్న గరగరలో ఎవరో ముసలాయన ఫిడేలు. ఎనభై ఏళ్ల కిందటిది. రెండో వరస చివర ఆయన అర దెబ్బ మింగేశాడు.

"ఆయన పొరపాటు చేస్తే నువ్వూ చెయ్యాలా?" అన్నాను.

"ఆయన చెయ్యి అలిసిందేమో. పక్కవాడు మోచేత్తో పొడిచాడేమో. ఏమైందో మనకి తెలీదు. ఆ మనిషిది ఈ లోకంలో మిగిలింది ఈ మూడు నిమిషాలే. అది సరిచెయ్యడానికి నేనెవర్ని?" అన్నాడు.

నాకు నచ్చలేదు. మా మాస్టారి దగ్గర తాళం తప్పితే ఆ పూటకి పాఠం బందు. అయినా నేర్చుకున్నాను. వాళ్ల సంప్రదాయం అంతేనట, పాటని కాగితం మీంచి కాదు, మనిషి దగ్గర్నించి తీసుకోవాలి. తీసుకున్నది తీసుకున్నట్టే ఇంకొకరికి ఇవ్వాలి, పొరపాట్లతో సహా.

నేను అతనికి నేర్పిందీ ఒకటుంది. మన కచేరీల్లో పాడేవాళ్లు ఒక మంచి సంగతి వేస్తే పక్కవాద్యం వాళ్లు "ఆహా" అంటారు, "భేష్" అంటారు. బాగున్నప్పుడు నోరు మూసుకు కూర్చుంటే కుళ్లుబోతుతనం అనేవారు మా మాస్టారు. గరాజ్‌లో అతను బాంజో మీటుతూ పాడేటప్పుడు గొంతు ఎక్కడైనా అందంగా జారితే నేను గట్టిగా ఆహా అనేదాన్ని. మొదటిసారి ఉలిక్కిపడి బాంజో ఆపేశాడు. తరవాత్తరవాత అలవాటైపోయి, నేను అనకపోతే నొసలు ముడిచి, "ఇవాళ ఏమైంది, బాగాలేదా?" అనేవాడు.

గొంతు మొదట బొంగురుపోయింది రెండో ఏడు ఎండాకాలంలో. అటకల మీద పాకుతూ దుమ్ములో పనిచేస్తాడు కదా, అందుకే అనుకున్నాం. నేను మిరియాల కషాయం కాచి ఫ్లాస్కులో పట్టుకెళ్లాను. తలుచుకుంటే సిగ్గేస్తుంది, మూడు నెలలు మిరియాల కషాయం పోశాను ఆ గొంతులో. చలికాలం మొదలయ్యాక ఒక శనివారం అతను వాయించకుండా స్టూలు మీద కూర్చుని చెప్పాడు. స్వరపేటికలో కేన్సర్. మొత్తం తీసేస్తారు. పది రోజుల్లో ఆపరేషన్.

"తరవాత పాట ఉండదు, మాట ఉండదు" అన్నాడు, ఏదో ఇంట్లో ఏసీ పాడైందని చెప్పినట్టు.

పాప మా ఇద్దరి మధ్యా దుప్పటి మీద బొమ్మ ట్రక్కు నడుపుతోంది. అతను పాపనే చూస్తున్నాడు. "దీనికి నాలుగేళ్లు కూడా నిండలేదు. నా గొంతు దీనికి గుర్తుండదు" అన్నాడు.

అతను పాపకోసం ఒక పాట కట్టాడు, పాత బాణీలోనే. వాగు పొంగి వంతెన కొట్టుకుపోయింది, నేను చుట్టుతిరిగి రావాలి, ఆలస్యమవుతుంది, తలుపు గడియ పెట్టకండి. అంతే పాట. మూడు చరణాలు. దాన్ని తన గొంతుతో ఒక్కసారి సరిగ్గా పట్టి ఉంచాలి. సంతలో అతను పాడుతుంటే ఫోన్లలో తీసిన ముక్కలు ఉన్నాయి, నిండా గాలిహోరు, తేనెసీసాల బేరాలు. అవి కాదు అతనికి కావలసింది. ఆ పాత రికార్డులు ఎలా చేశారో అలాగే కావాలి, ఒక్క మైకు, ఒక్క ప్రయత్నం, సూది నేరుగా డిస్కు మీద గీసుకుపోవడం. మా ఆయన ల్యాప్‌టాప్ తెస్తానన్నారు. అతను వద్దన్నాడు. చచ్చేంత మొండివాడు. నాకు కోపం వచ్చింది కూడా, ప్రాణం మీదికొచ్చినా వేషం మానడేమిటి అని.

ఊరికి రెండు గంటల దూరంలో ఒక పెద్దాయన దగ్గర ఆ యంత్రం ఉంది. ఆయన దగ్గర మిగిలినవి రెండే ఖాళీ డిస్కులు, లక్కలాంటి నల్లపూత పూసిన పళ్లేలు. కొత్తవి తెప్పించాలంటే నెల పడుతుంది. ఆపరేషన్‌కి ఇంక మూడు రోజులుంది. అతని గొంతు పొద్దుటిపూట ఒక గంట పలుకుతోంది, ఆపైన గాలే. అందుకని చీకటితోనే బయల్దేరి వెళ్లాం, అతనూ నేనూ.

చెక్కల గది. మధ్యలో ఒక్కటే మైకు. పెద్దాయన సుద్దముక్కతో నేల మీద గుర్తులు పెట్టాడు. గొంతుకి దగ్గర గుర్తు, బాంజోకి కొంచెం పక్కన, ఫిడేలు గట్టిది కాబట్టి నాకు అయిదడుగుల దూరం. నేను నిలబడి వాయించలేనని ఒక చెక్కబల్ల మీద కూర్చోబెట్టారు. "కాలు తాటించొద్దు. దగ్గొద్దు. సూది దిగాక గదిలో పడిన ప్రతి చప్పుడూ డిస్కు మీద ఉంటుంది. చెరపడానికి లేదు" అని పెద్దాయన నాతో ప్రత్యేకంగా చెప్పాడు. నేను తలూపాను. చిన్నపిల్లకి చెప్పినట్టు చెబుతాడేమిటి అని మనసులో గింజుకున్నాను కూడా.

మొదటి డిస్కు రెండో చరణంలో పోయింది. అతనికి దగ్గు వచ్చింది. అతను గోరువెచ్చటి నీళ్లు తాగి, గోడ వైపు తిరిగి కాసేపు నిలబడ్డాడు.

రెండోది ఎక్కించారు. సూది దిగింది. డిస్కు మీంచి నల్లటి పోగు సన్నగా లేస్తోంది, పెద్దాయన దాన్ని కుంచెతో పక్కకి తోస్తున్నాడు. మొదటి చరణం నిలబడింది. రెండోది ఇంకా బాగా నిలబడింది. నేను వేళ్ల కింద తీగలు కూడా బలంగా నొక్కడం లేదు, ఎక్కడ చెదురుతుందో అని. మూడో చరణం చివర, తలుపు గడియ పెట్టకండి అనేచోట, అతని గొంతు పగిలింది. పగిలి, కింద పడకుండా, ఆ పగులులోంచే పైకి జారి, రెండేళ్లలో నేనెప్పుడూ వినని చోట వెళ్లి ఆగింది. బొంగురూ కాదు, గాలీ కాదు, పసిపిల్ల గొంతంత మెత్తగా ఉంది.

"ఆహా!" అన్నాను.

గట్టిగానే అన్నాను. పన్నెండేళ్ల అలవాటు. నోట్లోంచి వచ్చాకగానీ నాకు తెలియలేదు. సూది గీసుకుంటూ పోయింది. ఇంకో నాలుగు దెబ్బలు బాంజో, నా ఫిడేలు, అయిపోయింది. పెద్దాయన సూది ఎత్తి నా వైపు చూడకుండా తల దించుకున్నాడు. మూడో డిస్కు లేదు. అతను ఇంకోసారి పాడి చూడబోయాడు, గాలి తప్ప ఏమీ రాలేదు.

దారిపొడుగునా ఏడుస్తూనే ఉన్నాను. అతను డ్రైవ్ చేస్తూ మధ్యలో ఒకసారి నా భుజం తట్టాడు. మాట్లాడటానికి గొంతు లేదు కాబట్టి మాట్లాడలేదు. కానీ ఆ మౌనం నేను నాకు తోచినట్టు అర్థం చేసుకున్నాను. ఒక తండ్రి కూతురికి మిగిల్చే మూడు నిమిషాల్లో కూడా నోరు అదుపులో పెట్టుకోలేకపోయాను అనుకున్నాను. ఇప్పటికీ అద్దంలో చూసుకుంటే ముందు ఆ నోరే కనిపిస్తుంది.

మా ఆయన విని, "ఓస్, దీనికేనా ఇంత ఏడుపు? డిజిటైజ్ చేయించి ఫైల్ పంపమను. ఎడిట్ చేసేస్తా" అన్నారు. పెద్దాయన పంపించాడు. మా ఆయన రెండు సాయంత్రాలు కూర్చుని చేశారు పాపం. నా ఆహా అతని స్వరం మీదే పడింది కాబట్టి, అది తీస్తే స్వరం చివర కొంచెం తెగింది. తెలియనివాళ్లకి తెలియదు. సీడీ చేసి, దాని మీద పాప పేరు నా చేత్తో రాసి, ఆపరేషన్ అయిన మూడో వారం పట్టుకెళ్లాను.

మెడకి గుడ్డ చుట్టి, దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. సగం అయ్యాడు మనిషి. ఒళ్లో పాప ఆడుకునే తెల్లబోర్డు, మార్కరు. సీడీ పెట్టాను. కళ్లు మూసుకుని విన్నాడు. చివరికొచ్చేసరికి కళ్లు తెరిచాడు. బోర్డు మీద రాశాడు, "ఇది వద్దు. డిస్కు చాలు." సీడీ తీసి నా చేతికిచ్చేశాడు. ఇంకేదో రాయబోయాడు, మార్కరు జారి కింద పడింది. అతని భార్య వచ్చి ఇంక పడుకోమంది.

నా చేత్తో ఇచ్చింది ఏదీ వద్దంటున్నాడు అనుకున్నాను. నా కోపం కూడా తక్కువదేం కాదు, తప్పు నాదైనప్పుడు ఇంకా ఎక్కువ. ఆ తరవాత రెండుసార్లు వెళ్లాను, రెండుసార్లూ ముఖపరిచయం ఉన్నవాళ్లలా పైపైన పలకరించి వచ్చేశాను. ఆ ఏడాదే మా ఆయనకి దేశానికి పడమటి చివర, సన్నీవేల్‌లో ఉద్యోగం వచ్చింది. సామాన్లు సర్దుతూ వయొలిన్‌ని బట్టల పెట్టెల అడుగున పెట్టాను. సన్నీవేల్‌లో అయిదేళ్లు అది అడుగునే ఉంది. ఫోన్ చేద్దామంటే అతను మాట్లాడలేడు కదా అనేది నా సాకు. కొత్త సంవత్సరానికి కార్డు పంపేదాన్ని. అటునించి పాప వేసిన బొమ్మ వచ్చేది, ఎప్పుడూ బాంజో బొమ్మే. కింద అతని చేతిరాతతో ఒకే వాక్యం, "శనివారాలు ఖాళీగానే ఉన్నాం." నేను వెళ్లలేదు. టికెట్ బుక్ చెయ్యడానికి పది నిమిషాలు చాలు. వెళ్లలేదు.

రెండువేల పద్నాలుగు చివర్లో అతని భార్య ఈమెయిల్ రాసింది. జబ్బు ఊపిరితిత్తుల్లోకి వచ్చింది, వారం కిందట పోయాడు, శనివారం పాత సంత దగ్గర హాల్లో అందరం కలుస్తున్నాం, రాగలిగితే రా. ఈసారి మాత్రం పది నిమిషాల్లో టికెట్ బుక్ చేశాను.

హాల్లో ఎనభై మంది దాకా ఉన్నారు. బెండకాయల ఆవిడ గుర్తుపట్టి కావిలించుకుంది. అతని భార్య నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. పాపకి తొమ్మిదేళ్లు. తండ్రి టోపీ పెట్టుకుని, తనకంటే పెద్ద బాంజో ఒళ్లో పెట్టుకుని, ఎదురుగా నేల మీద బాసింపట్టు వేసుకు కూర్చుంది. ఎవరు నేర్పారో ఆ కూర్చోవడం నాకు తెలుసు. వంతెన కొట్టుకుపోయింది అని ఎత్తుకుంది.

అదే గొంతు. రెండో చరణం, మూడో చరణం. నేను చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. తలుపు గడియ పెట్టకండి అనేచోట పిల్ల గొంతుని కావాలని పగలగొట్టి, పైకి జార్చి, అక్కడ ఆపింది. ఆపి, వేరే గొంతుతో, పెద్దావిడలా, "ఆహా!" అంది.

నా ఆహాయే. తెనాలి సాగదీతతో సహా. హాల్లో ఎవరూ నవ్వలేదు, ఎవరూ వింతగా చూడలేదు. నా పక్కన అతని భార్య పెదాలు కూడా కదిలాయి.

"డిస్కు పెట్టి నేర్పించాడు" అంది నాతో మెల్లగా. "పాడలేడుగా. వేలు ఎత్తి చూపించేవాడు, ఇక్కడ ఊపిరి, ఇక్కడ పగులు, ఇక్కడ ఆహా. అది ఆ రోజు ఆ గదిలో జరిగింది, అది లేకపోతే ఆ పాట కాదు అని రాసేవాడు. ఎప్పుడైనా మర్చిపోతే ఆపేసి మళ్లీ మొదటి చరణం నించీ. ప్రతి శనివారం. నువ్వు వస్తావేమో అని నీ దుప్పటి కూడా పరిచేవాడు."

అయిదేళ్ల శనివారాలు. నేను ఆ శనివారాల్లో సన్నీవేల్‌లో బట్టలు మడతపెట్టుకుంటున్నాను.

చివర అందరూ వాద్యాలు తీసుకుని గుండ్రంగా కూర్చుని అదే పాట మళ్లీ ఎత్తుకున్నారు. పాప నన్ను చెయ్యిపట్టి లాగి తన పక్కన కూర్చోబెట్టుకుంది. తండ్రి ఫిడేలు నా చేతిలో పెట్టింది. సపసప. నా వేళ్లు మొద్దుబారి ఉన్నాయి, అయినా అందుకున్నాయి. మూడో చరణం చివర పిల్ల స్వరం పైన ఆపి, నా వైపు తిరిగి, వేలు ఎత్తింది.

నోరు తెరిచాను. రాలేదు. ఆ చెక్కల గదిలో వద్దన్నా ఊడిపడ్డ మాట, ఇప్పుడు అనమంటే మొరాయించింది. పిల్ల ఒక్క క్షణం చూసింది. తండ్రిలాగే నొసలు ముడిచి, అరచేత్తో బాంజో తీగలు నొక్కి ఆపేసింది. అందరూ ఆగారు. తల అడ్డంగా ఊపి, మళ్లీ మొదటి చరణం ఎత్తుకుంది. మూడో చరణం వచ్చేదాకా వాయిస్తూ కూర్చున్నాను. పిల్ల వేలు ఎత్తింది.

ఈసారి అన్నాను.